తగ్గిన గొంతునకు తగిన తీర్పు



ఈ నెల మీ యెదుట నుంచదలచిన ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, ప్రతి యింటిలోను ప్రతి సంఘములోను ఏదో యొక దినమున తలుపు తట్టునదే. జీవితమంతయు పాడిన మనుష్యుడు ముసలివాడై, లేక రోగియై, తగ్గిన గొంతుతో మరల పాడినప్పుడు, వినుచున్న మనము ఆయన పాటను ఏ కొలతతో కొలువవలెను? ఆయన నిన్నటి గొంతుతోనా? నేటి పడుచువాండ్ర గొంతుతోనా? లేక, పోనిమ్ము ముసలివాడు గదా అని జాలిపడి, బాగున్నదని అనివేయవలెనా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకినది కాదు. మా చీడికాడ ప్రాంతపు సంఘములలో ఒకదానిలో నలువది సంవత్సరములకు పైగా పాటలు నడిపించిన పెద్దాయన ఒకరున్నారు. చెరకు తోటలలో కూలి చేసికొని బ్రతికిన మనిషి. చదివినది తక్కువే, అయినను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఏ కీర్తన తలపై ఏ రాగము, ఏ తాళము వ్రాసియున్నదో పుస్తకము తెరువకుండ చెప్పగలరు. నేనాయనను పెదనాన్నా అని పిలుతును. రెండేండ్ల క్రిందట యౌవనస్థులు చందాలు వేసికొని ఒక కీబోర్డును, మైకుసెట్టును కొనిరి. అవి వచ్చినది మొదలు మందిరములో పాట పై శ్రుతికి పోయెను. పెదనాన్న గొంతు ఆ మెట్టును అందుకొనలేక చరణము మధ్యలో చీలసాగెను. చిన్నపిల్లలు నోటికి చేతులడ్డము పెట్టుకొని నవ్విరి. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట యౌవనస్థులు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, తాతగారి చేతిలోంచి మైకు తీసుకోవాలండి. ఆ మాట మీరే చెప్పాలి" అనిరి.

నేను వెళ్లితిని, చెప్పితిని. ఏమని చెప్పితిని? "పెదనాన్నా, మీ పాట ఎప్పటిలాగే బాగుంది. మీ ఆరోగ్యం కోసమే కొంచెం విశ్రాంతి తీసుకోండి" అంటిని. ఆ రెండు మాటలును అబద్ధములే. పాట ఎప్పటివలె లేదు. నేను ఆయన ఆరోగ్యము కొరకు పోలేదు. ఆయన నా ముఖము వంక ఒక్క నిమిషము చూచి, తల యూపి, తువాలు భుజముపై వేసికొని లోపలికి పోయెను.

ఆ సాయంకాలము నేను ఇంటికి మరలి వచ్చుచుండగా, దారిలోని యొక గ్రామములో మైకునుండి ఘంటసాలవారి భగవద్గీత వినబడెను. నా ప్రక్కగా సైకిలుపై పోవుచున్న మనిషి దిగి, "ఎవరో పోనట్టున్నారు" అని తనలో తాననుకొని సాగిపోయెను. నేను మాత్రము అచ్చటనే నిలిచితిని. ఆ గ్రంథము మన బోధకు ఆధారమైన గ్రంథము కాదు. దానిని గూర్చి వాదించుట ఇచ్చట నా పని కాదు. ఆ గొంతు నన్ను నిలిపినది. ఏలయనగా, అదియును ఆరోగ్యము తప్పిన యొక మనిషి చివరి దినములలో పాడిన పాటయే.

ఆ మనిషి చరిత్రలో కొంత భాగము మన ప్రాంతమునకు చేరువయైనదే. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లాలో జన్మించిరి. చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొనిరి. సంగీతము నేర్చుకొనవలెనను పట్టుదలతో విజయనగరము చేరిరి. అచ్చట మహారాజావారి సంగీత కళాశాలలో చదివిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను చేరదీసి విద్య నేర్పిరి. చేతిలో డబ్బు లేక ఇంటింట భిక్ష యెత్తుకొని భుజించిన దినములు కలవు. 1942 ఉద్యమములో చెరసాలకు పోయిరి. పిమ్మట మద్రాసు చేరి సినిమాలలో పాడిరి. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ వచ్చినవి. సినిమాకు పోని మన పెద్దలకు సహితము ఆ గొంతు తెలియును. అది గాలిలో వచ్చి వాకిట నిలుచుండెడిది. 1970లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చి గౌరవించినది.

అయితే ఆ సంవత్సరములలోనే ఆయన ఆరోగ్యము చెడెను. మధుమేహము పట్టుకొనినది. 1966లో మొదటి సినిమా పాట పాడిన యస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు అప్పటికి పేరు తెచ్చుకొనుచుండిరి. కొత్త గొంతు, లేత గొంతు. సినిమా యనునది సంత వంటిది; సంతలో నిన్నటి కాయకు నేడు బేరము ఉండదు. అట్టి కాలములో ఘంటసాలగారు తానే బాణీ కట్టి, గీతలోని శ్లోకములు కొన్నింటిని ఏరుకొని, పాడి, వాని తెలుగు అర్థమును తన నోటనే చెప్పి రికార్డు చేసిరి. హెచ్.ఎం.వి. కంపెనీవారు దానిని లోకమునకు విడుదల చేయునప్పటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూసిరి. ఏబది యొక్క సంవత్సరములే. నేడు నా వయస్సు దానిని దాటిపోయినది.

ఆ రికార్డునకు లోకమిచ్చిన తీర్పును కొంచెము ఆలోచింపుడి. నా చిన్నతనములో మా పెద్దవాండ్లలో ఒకరు దానిని విని, "ఇది దేవదాసు నాటి గొంతు కాదు" అని పెదవి విరుచుట విన్నాను. ఆ మాట అబద్ధము కాదు. పడుచుతనములో ఆ గొంతు పైకి పోయి అలవోకగా మరల వచ్చెడిది. ఈ రికార్డులో అది బరువెక్కి, నిదానించి, మాట మాటకు మధ్య ఊపిరి తీసికొనుచున్నట్లు నా చెవికి తోచును. కాని ఈ పని కోరినది అదియే గదా? ప్రేమపాట పాడు గొంతుతో ఉపదేశము చెప్పిన ఎవరు విందురు? పెదవి విరిచిన మనిషి తాను పోగొట్టుకొనినదానిని లెక్క వేసెను. తనకు ఇయ్యబడినదానిని లెక్క వేయలేదు.

రెండవ తీర్పు దీనికంటె వింతయైనది. లోకము ఆ రికార్డును మెచ్చుకొనినది, మిక్కిలిగా మెచ్చుకొనినది. మెచ్చుకొని, తీసికొనిపోయి, చావు ఇంటి యెదుట పెట్టినది! ఇప్పుడు శవమును మోసికొనిపోవు బండిమీద అదియే మ్రోగును. బ్రతికి యున్నవాడు తన పని తాను ఎట్లు చేయవలెనో చెప్పబూనిన పాట, ఎవరో చనిపోయిరని చెప్పు గంటయైపోయినది. సైకిలు దిగిన ఆ మనిషి దానిని వినలేదు. ఎవరు పోయిరో తెలిసికొనుటకు మాత్రము చెవి యొగ్గెను. ఎవరైనను ఉదయమున తమ ఇంటిలో దానిని పెట్టుకొనినయెడల ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వచ్చెదరు. నిందయే గాక మెప్పును మనుష్యుని పాటను పాతిపెట్టగలదని నాకు ఆ సాయంకాలము తెలిసినది.

నేనును పెదనాన్నకు చేసినది అదియే. "ఎప్పటిలాగే బాగుంది" అని మెచ్చుకొని, ఆయన పాటను నా చేతులతో పాతిపెట్టి వచ్చితిని.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ పట్టణమున 1948లో ఆజీ ఆజ్‌బర్న్ అనునతడు పుట్టెను. చెవులు గింగురుమను గిటారులతో, బండరాళ్లు దొర్లినట్లుండు మోతతో పాడెడి హెవీ మెటల్ అను సంగీతము కలదు; అతడు పాడిన బ్లాక్ సబ్బాత్ అను బృందము 1970లో తన మొదటి రికార్డును తెచ్చి, ఆ తీరు పాటకు పునాది వేసిన వారిలో ఒకటిగా పేరు పొందెను. ఆ బృందము పేరును, వేషమును, చీకటి మాటలును చూచి ఆ దేశములలోని సంఘములు భయపడినవి. అతని జీవితములో త్రాగుడు కలదు, మత్తుమందులు కలవు. నేను వానిని సమర్థించుట లేదు. 2020లో తనకు పార్కిన్సన్ వ్యాధి, అనగా అవయవములు వణకు రోగము, వచ్చినదని అతడు బహిరంగముగా చెప్పెను. ఆ యేటనే ఒక రికార్డును, 2022లో రోగి సంఖ్య తొమ్మిది అను అర్థమిచ్చు పేరుతో మరియొక రికార్డును తెచ్చెను. ఆ రెండవదానికి 2023లో గ్రామీ అను పెద్ద బహుమానము వచ్చినది. 2025 జూలై 5న, నిలువలేక, సింహాసనము వంటి కుర్చీలో కూర్చుండి తాను పుట్టిన పట్టణములోనే కడపటి మారు పాడెను. అదే నెల 22వ తేదీన, 76వ యేట, మరణించెను.

అట్టి మనిషి రికార్డును చేతబట్టుకొనిన విమర్శకుని కష్టము ఎంతటిదో చూడుడి. బాగున్నదనిన, "రోగమును చూచి మెచ్చుకొనుచున్నావు" అందురు. బాగులేదనిన, "రోగిని కొట్టుచున్నావు" అందురు. ఇంకొక చిక్కు కలదు. నేటి యంత్రములు తప్పిన శ్రుతిని సరిచేయగలవు, అతుకు కనబడకుండ అతుకగలవు. అప్పుడు వినువాడు, ఇది ఆ మనిషి గొంతా, యంత్రపు గొంతా అని సందేహపడును. సందేహము తప్పు కాదు. అడుగుటలో క్రూరత్వము ఉండకూడదు, అంతే.

అమెరికాలో పత్తి చేలలో పని చేసిన కుటుంబమునుండి జానీ క్యాష్ అను గాయకుడు వచ్చెను. 1932లో పుట్టి 2003లో మరణించెను. భక్తి పాటలును, చెరసాలలోని ఖైదీలకు పాటలును పాడినవాడు. 2002లో వచ్చిన అతని రికార్డులో గొంతు వణకును, ఊపిరి తెగును. దానిని కప్పిపెట్టుటకు ప్రయత్నింపలేదు. ఆ వణకును వినినవారు, పాడువాడు తాను పాడుచున్న మాటను అనుభవించి పాడుచున్నాడని గ్రహించిరి. యౌవనమున అదే మాటలను ఎంత చక్కగా పాడినను ఆ సాక్ష్యము వాటికి వచ్చెడిది కాదు.

మా అనకాపల్లి బెల్లపు సంతను చూచినవారికి ఈ సంగతి సులభముగా తెలియును. వర్తకుడు మొదట రంగు చూచును. పసుపుపచ్చగా మెరయు కొత్త బెల్లమునకు ధర పలుకును. నిలువయున్నది నల్లబడును, చెమ్మగిల్లును. దానికి ధర తగ్గును. వర్తకుడు అన్యాయము చేయలేదు. అరిసెలకు పాకము పట్టుటకు కొత్తదియే కావలెను. కాని నాటువైద్యుడు మందు నూరునప్పుడు పాత బెల్లమే తెమ్మనును. రెండును చెరకు రసమే. దేనికి కావలెనో తెలిసికొనకుండ ధర కట్టువాడు తప్పు చేయుచున్నాడు. అట్లని చెడిపోయి పురుగు పట్టిన బెల్లమును పాతది గనుక మంచిదనువాడును తప్పు చేయుచున్నాడు.

చదువరులారా, ఇంతవరకు ఆలోచించినదానిలోనుండి మూడు సంగతులు మీతో చెప్పగోరుచున్నాను.

మొదటిది: ముసలివాని పాటను ఆయన పాత పాటతో కాక, ఆ పాట చేయబూనిన పనితో పోల్చవలెను. ఓదార్పు పాట పాడినయెడల ఓదార్చెనా? బోధించు పాట పాడినయెడల మాట తెలిసెనా? పనిని చేసినయెడల గొంతు తగ్గినను పాట తగ్గలేదు. చేయనియెడల, ఆయన ఎంత గొప్పవాడైనను, ఆ పాట తప్పిపోయినదే.

రెండవది: జాలి తీర్పు కాదు. నడవలేనివానికి చెయ్యి యిచ్చుట దయ. పాడలేనివానికి బాగా పాడితివనుట దయ కాదు. అట్లనినప్పుడు మనము ఆయనను మనుష్యునిగా ఎంచుటలేదు, పసిబిడ్డగా ఎంచుచున్నాము. నలువది యేండ్లు శ్రుతి పట్టుకొని బ్రతికినవానికి తన శ్రుతి తప్పినది తెలియదా? మన అబద్ధమును ఆయన మనకంటె ముందుగా విని యుండును.

మూడవది: చెప్పవలసినదానిని ఆయన బ్రతికి యుండగానే, ముఖాముఖిగా చెప్పవలెను. ఘంటసాలగారు తన రికార్డును గూర్చిన ఒక్క తీర్పును వినలేదు. 2013లో మన గుంటూరు సీమ బిడ్డయైన యస్. జానకిగారికి ప్రభుత్వము పద్మభూషణ్ ప్రకటించగా, అది చాల ఆలస్యముగా వచ్చినదని ఆమె వద్దనిరి. కొందరు దానిని గర్వమనిరి. నాకు మాత్రము అది, "నేను పాడుచున్నప్పుడు మీరెక్కడ నుంటిరి?" అను ప్రశ్నగా వినబడినది. పిమ్మట 2016లో ఇక పాటలు చాలునని ఆమెయే చెప్పిరి. ఎప్పుడు మానవలెనో పాడువారే నిర్ణయించుకొనుట ఎంత గౌరవము! దావీదు రాజు తనతో యెరూషలేమునకు రమ్మని పిలిచినప్పుడు బర్జిల్లయి తన ఎనుబది యేండ్లను చెప్పుకొని, పాటకుల స్వరము తన కింక వినబడదని విన్నవించి, తనకు బదులుగా కింహామును పంపెనని మనము చదువుదుము. ఆ మాట బర్జిల్లయి నోటనుండి వచ్చినది. రాజు, "నీవు ముసలివాడవు, ఇంటికి పొమ్ము" అని చెప్పినయెడల అది వేరొక కథ యగును.

నేను పెదనాన్న నోటిలోని ఆ మాటను లాగివేసి, నా నోటిలో పెట్టుకొంటిని. అది నా తప్పిదము.

వారము దినములు నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఎనిమిదవ దినమున మరల ఆయన యింటికి వెళ్లితిని. ఆయన అరుగుమీద కూర్చుండి త్రాడు పేనుచుండెను. నేను ప్రక్కన కూర్చుండి, "పెదనాన్నా, ఆ రోజు నేను మీకు నిజం చెప్పలేదు. పై శ్రుతి మీ గొంతుకి అందటం లేదు. పిల్లలు నవ్వుతున్నారు. అది చెప్పడానికి ధైర్యం లేక ఆరోగ్యం పేరు పెట్టాను" అంటిని. ఆయన చేయి ఆగలేదు. త్రాడు పేనుచునే యుండెను. కొంతసేపటికి, "నాకు తెల్దేటి అయ్యగారూ? నా గొంతుక నాకు ఇనపడదేటి? మీరు సెప్తారో సెప్పరో అని సూసేను" అనెను.

నాకు తల దించుకొనుట తప్ప వేరొకటి తోచలేదు.

"ఇంకొక మాట కూడా నిజమే" అని నేను మరల అంటిని. "భూస్థాపన దగ్గర మీరు నెమ్మదిగా కింది శ్రుతిలో పాడితే ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు ఆపి వింటారు. అది మాలో ఎవరికీ రాదు. నాకూ రాదు." ఆయన అప్పుడు త్రాడు ప్రక్కన పెట్టి నవ్వెను. జాలి మాటకు ఆ నవ్వు రాదు.

తరువాతి ఆదివారము నేను యౌవనస్థులను పిలిచి ఈ సంగతి యంతయు చెప్పితిని. నా అబద్ధమును కూడ చెప్పితిని. వారిలో కీబోర్డు వాయించు కుర్రవాడు కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, దీనిలో ఒక బటన్ ఉంటుందండి. నొక్కితే శ్రుతి ఎంత కావాలంటే అంత దిగుతుంది. తాతగారికి రెండు మెట్లు దించితే సరిపోద్ది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదండి" అనెను.

రెండు మెట్లు! ఒక్క బొత్తాము! రెండేండ్లు మేము ఆయన గొంతును తప్పు పట్టితిమి గాని, మేము ఎత్తిన శ్రుతిని గూర్చి ఒక్కడును ఆలోచింపలేదు.

అంతటితో అన్నియు చక్కబడినవని నేను చెప్పను. వేగముగా సాగు క్రొత్త పాటలను పెదనాన్న ఇప్పుడు నడిపించుట లేదు. వద్దని ఆయనయే చెప్పిరి. ఒక కీర్తన మాత్రము ప్రతి ఆదివారము క్రింది శ్రుతిలో ఆయన ఎత్తుకొందురు. ఒక్కొక్కప్పుడు అప్పటికిని గొంతు చీలును. పిల్లలు కొందరు ఇంకను నవ్వుదురు. అయితే శనివారము సాయంకాలములలో ఆ పిల్లలే ఆయన అరుగుమీద కూర్చుండి పాత రాగములు నేర్చుకొనుచున్నారు. తప్పు పాడినయెడల ఆయన బాగుందని చెప్పరు. ఆపి, మరల పాడుమందురు.

కావున సహోదరులారా, సహోదరీలారా, మీ యింటిలోనో మీ సంఘములోనో తగ్గిన గొంతు ఒకటి ఉన్నయెడల, దాని ప్రక్కన ఒకసారి కూర్చుండుడి. నిన్నటి పాటను మరచి నేటి పాటను వినుడి. బాగున్నయెడల, ఆయన వినునట్లు చెప్పుడి. బాగులేనియెడల, ఆయన చేయి పట్టుకొని అదియును చెప్పుడి. చెప్పుటకు ముందు మాత్రము, మీరు ఎత్తిన శ్రుతి ఆయనకు అందునో లేదో ఒకసారి చూచుకొనుడి. చావు ఇంటి మైకులో మ్రోగువరకు ఆగకుడి.